ఖాజీపేట చేపల పులుసు: సట్టిలో వంట, చెరువు మీద హక్కు

చేపల పులుసు అనగానే అందరి నోటా నెల్లూరు పేరే వస్తుంది. నెల్లూరుకు సముద్రం ఉంది, పెన్న అక్కడే సముద్రంలో కలుస్తుంది. కాబట్టి ఆ పేరులో వింత లేదు. కానీ అదే పెన్న నెల్లూరు చేరకముందు కడప జిల్లాను దాటుకుని వస్తుంది. కుందూ, పాపాఘ్ని, సగిలేరు, చెయ్యేరు దారిలో అందులో కలుస్తాయి. జమ్మలమడుగు దగ్గర మైలవరం, పులివెందుల వైపు చిత్రావతి రిజర్వాయరు, మైదుకూరు పైన బ్రహ్మంసాగర్ ఉన్నాయి. కడప, మైదుకూరు మధ్య రోడ్డు మీదున్న ఖాజీపేట మండలానికి కేసీ కాలువ నీళ్లు వస్తాయి. కరువు జిల్లా అని పేరుపడ్డ ఈ నేలలో కూడా నీళ్లున్నచోట చేప ఉంది, చేప ఉన్నచోట పులుసు ఉంది. మాల, మాదిగ పల్లెల్లో ఆ పులుసును రాగి సంగటితో తింటారు.

దీని గురించి వంట పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. వండే తీరుతో పాటు ఆ చేప ఏ నీళ్లలోంచి వస్తుంది, ఆ నీళ్ల మీద ఎవరికి ఏ హక్కుంది, వండిన చేతిని బట్టి కూర ఎందుకు అంటరానిదవుతుంది అనేవి కూడా ఇందులో చేర్చాం. గ్రామాల్లో పనిచేసే కార్యకర్తలకు, హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండి చదువుకునే విద్యార్థులకు రెండూ పనికొస్తాయని మా నమ్మకం.

చేపలు ఎక్కడివి

కేసీ కాలువ అంటే కర్నూలు-కడప కాలువ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా వస్తుంది. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దీన్ని తవ్వడం మొదలుపెట్టింది. సాగుకు, పడవల రాకపోకలకు రెండింటికీ పనికొస్తుందని అనుకున్నారు. కంపెనీకి నష్టమే మిగిలింది. 1882లో ప్రభుత్వం కాలువను తన చేతుల్లోకి తీసుకుంది. ఆ కాలువ కింద ఖాజీపేట, మైదుకూరు, దువ్వూరు మండలాల్లో వరి, పసుపు పండుతాయి. పులుసులో వేసే పసుపు కూడా ఇక్కడి కొమ్ముదే.

కాలువ పారే రోజుల్లో చేప పల్లపు గుంటల్లోకి, చెరువుల్లోకి ఎక్కుతుంది. నీళ్లు ఆపాక కాలువ అడుగున మడుగులు మిగులుతాయి. పనుల్లేని ఎండాకాలంలో ఆ మడుగుల్లో చేతులతో, బుట్టలతో పట్టిన చిన్న చేపలే కూలి ఇళ్లలో కూరయ్యేవి. ఇప్పుడు సంతల్లో, బండ్ల మీద దొరికేవి చాలావరకు పెంచిన చేపలు. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో వచ్చేవి కూడా వాటిలో ఉంటాయి.

ఇక్కడ వంటకు వాడే చేపలు ఇవి:

బొచ్చె: తల పెద్దది, కండ మెత్తన. పులుసుకు అందరూ మొదట అడిగేది ఇదే. తలకాయ పులుసు కావాలంటే బొచ్చె తల తీసుకోవాలి.

రాగండి: శీలావతి అని కూడా అంటారు. కండ గట్టిగా ఉంటుంది, ముక్క త్వరగా విరగదు. మొదటిసారి వండేవాళ్లకు ఇదే మేలు.

మోసు: ముళ్లు ఎక్కువ, ధర తక్కువ. పిల్లలకు పెట్టేటప్పుడు జాగ్రత్త కావాలి.

కొర్రమీను: ముల్లు తక్కువ, రుచి ఎక్కువ, ధర ఇంకా ఎక్కువ. ప్రాణంతోనే అమ్ముతారు. కండ గట్టిది కాబట్టి మిగతా వాటికన్నా నాలుగైదు నిమిషాలు ఎక్కువ ఉడకాలి.

జిలేబి: ఆఫ్రికా నుంచి వచ్చి మన చెరువుల్లో స్థిరపడిన చేప. చవక. ఆరేడు నిమిషాల్లో ఉడికిపోతుంది.

జెల్ల: పొలుసు ఉండదు, జిగురు ఉంటుంది. బూడిదతో గట్టిగా రుద్దాలి.

పక్కెలు, పరిగెలు: వేలెడంత చిన్న చేపలు. తలా తోకా తీసి ముల్లుతో సహా తింటారు. ముల్లు తినడం వల్ల ఒంటికి సున్నం, అంటే కాల్షియం, బాగా అందుతుంది. పెద్ద చేప ముక్కతో ఆ మేలు రాదు.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మీద మన దేశంలో నిషేధం ఉంది. చవకగా వస్తోందని కొనకండి.

మంచి చేపను గుర్తుపట్టడం కష్టం కాదు. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బి మెరవాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడిపోవాలి. మొప్ప గోధుమరంగుకు తిరిగితే ధర ఎంత తగ్గించినా వద్దు.

కడగడం

పులుసు సగం రుచి కడగడంలోనే ఉంది. పొలుసు తోక వైపు నుంచి తల వైపుకు గీకాలి. పొట్ట చీల్చి పేగులు తీసేటప్పుడు పచ్చగా ఉండే చేదు తిత్తి పగలకూడదు. పగిలితే ఆ చేదు ఎంత చింతపండు పోసినా పోదు. మొప్పలు పూర్తిగా తీసేయాలి. పొట్ట లోపల నల్లటి పొర ఉంటే గోటితో లాగేయాలి.

తర్వాత రాళ్లుప్పు, పసుపు వేసి రుద్ది రెండు మూడు నీళ్లలో కడగాలి. చింతపండు పిప్పితో రుద్దినా, పలచని మజ్జిగలో పది నిమిషాలు ఉంచి కడిగినా వాసన పోతుంది. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లలో బూడిదతో రుద్దుతారు. ముక్కలు రెండు వేళ్ల మందాన ఉండాలి. పలచగా కోస్తే పులుసులో విరిగిపోతాయి.

కావలసినవి (కిలో చేపకు, ఐదారుగురికి)

చింతపండు పెద్ద నిమ్మకాయంత, అంటే 60 గ్రాముల దాకా. ఎర్రగడ్డలు మూడు. టమోటాలు రెండు. పచ్చిమిరపకాయలు నాలుగు. తెల్లగడ్డ ఒకటి, రెబ్బలన్నీ. ఎర్ర కారం మూడు చెంచాలు, ధనియాల పొడి రెండు చెంచాలు, పసుపు అర చెంచా. జిలకర చెంచా, మెంతులు పావు చెంచా. ఎండుకొబ్బరి చిన్న ముక్క, ఉంటేనే. శెనిక్కాయ నూనె అర గ్లాసు కన్నా కొంచెం తక్కువ. కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు. ఎండాకాలమైతే ఒక పుల్లటి మామిడికాయ కూడా వేయొచ్చు. అప్పుడు చింతపండు సగానికి తగ్గించాలి.

ఇక్కడ చెంచా అంటే ఇంట్లో కూర వడ్డించుకునే పెద్ద చెంచా కాదు, అన్నం తినే మామూలు చెంచా. కారం మీ ఇంటి మిరపను బట్టి వేసుకోండి.

వండే తీరు

ముందు చేప ముక్కలకు కొంచెం ఉప్పు, పసుపు, చెంచా కారం పట్టించి 20 నిమిషాలు పక్కన పెట్టాలి. చింతపండును గోరువెచ్చని నీళ్లలో అంతసేపే నానబెట్టి, పిసికి, మూడు గ్లాసుల పులుసు తీసుకోవాలి.

జిలకర, మెంతులు నూనె లేకుండా వేయించాలి. మెంతులు ఎర్రబడితే చాలు, నల్లబడితే చేదు. చల్లారాక ఎండుకొబ్బరి, నాలుగు తెల్లగడ్డ రెబ్బలతో కలిపి రోట్లో నూరుకోవాలి. రోలు లేకపోతే మిక్సీ.

పొయ్యి మీద వెడల్పాటి మట్టి సట్టి పెట్టి నూనె కాగాక, చిదిమిన తెల్లగడ్డ రెబ్బలు, కరివేపాకు, నిలువుగా చీల్చిన పచ్చిమిరప వేయాలి. సన్నగా తరిగిన ఎర్రగడ్డలు వేసి బాగా ఎర్రబడేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడితే పులుసు పలచగా, తియ్యగా వస్తుంది. టమోటాలు వేసి మెత్తబడ్డాక, మంట తగ్గించి కారం, ధనియాల పొడి, పసుపు వేసి అర నిమిషం కలపాలి. కారం మాడకూడదు. వెంటనే చింతపండు పులుసు పోసి, ఉప్పు వేసి, మంట పెంచాలి.

పులుసు పది పన్నెండు నిమిషాలు తెర్లాలి. పచ్చి వాసన పోయి, అంచుల దగ్గర నూనె తేలితే చేపకు సిద్ధమైనట్టు. అంతకుముందే ముక్కలు వేస్తే పులుసు ఉడికేలోపు చేప చితికిపోతుంది. ముందు తలకాయ, మూడు నిమిషాల తర్వాత మిగతా ముక్కలు ఒక్కొక్కటిగా జార్చాలి. ఇక గరిటె పెట్టకూడదు. సట్టి రెండు అంచులూ గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పితే పులుసు అన్ని ముక్కలకూ అందుతుంది. నడి మంట మీద ఎనిమిది, పది నిమిషాలు చాలు.

చివర్లో నూరిన పొడి, కొత్తిమీర చల్లి, మరో రెండు నిమిషాలుంచి దించేయాలి. మట్టి సట్టి దించాక కూడా కాసేపు ఉడుకుతూనే ఉంటుంది. అందుకే ముక్క పూర్తిగా ఉడకడానికి ఒక్క నిమిషం ముందే దించడం అలవాటు.

దించిన వెంటనే తినొద్దు. కనీసం గంట ఆగాలి. పులుపు, ఉప్పు, కారం ముక్కలోకి దిగేది అప్పుడే. రాత్రి వండి పొద్దున తింటే ఇంకా బాగుంటుందని అనేది ఇందుకే. చింతపండు పులుపు కూర త్వరగా పాడవకుండా కొంత కాపాడుతుంది. అయినా కడప ఎండల్లో రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి తెర్లేలా కాచాల్సిందే. ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టడం మంచిది. పులుసును అల్యూమినియం గిన్నెలో నిల్వ పెట్టొద్దు, పులుపుకు లోహం కరుగుతుంది.

హాస్టల్ గదిలో ఒకే ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లు అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో వండుకోవచ్చు. నూనె, టమోటా తగ్గినా పులుసు పులుసే. చింతపండు, ఎర్రగడ్డ, కారం, ఉప్పుతోనే వండుకున్న తరాలున్నాయి.

చిన్న చేపలకు లెక్క వేరు. పక్కెలు, పరిగెలకు ఒకటిన్నర గ్లాసు పులుసు చాలు. అన్నీ ఒకేసారి వేసి, ఆరేడు నిమిషాల్లో దగ్గరపడనిచ్చి దించాలి.

పక్కన సంగటి

గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల నీళ్లు పోసి బాగా మెత్తగా ఉడికించాలి. నీళ్లు ఇంకా ఉండగానే గ్లాసున్నర రాగిపిండిని మధ్యలో కుప్పగా పోయాలి. కలపకుండా కట్టెతో నడుమ ఒక గుంత చేసి, మూతపెట్టి, సన్న మంట మీద పది నిమిషాలు ఉంచాలి. దించి సంగటి కట్టెతో ఉండలు లేకుండా గెలకాలి. చేయి తడుపుకుని ముద్దలు చేయాలి. ముద్ద నడుమ గుంత చేసి పులుసు పోసుకుంటారు. సంగటిని నమలరు, పులుసులో అద్ది మింగుతారు.

100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చేపలో మంచి మాంసకృత్తులున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇలాంటి రాష్ట్రంలో చేప, గుడ్డు, మాంసం పేదల పళ్లెంలోకి వస్తున్నాయా లేదా అనేది రుచికి మించిన విషయం.

'నీచు' అనే మాట

చేప వాసనను తెలుగులో నీచు వాసన అంటారు. మాంసం, చేప తినే రోజును 'నీచు తిన్న రోజు' అంటారు. మనిషిని తక్కువ చేసే 'నీచ' అనే మాటకూ దీనికీ మధ్య ఒక్క గుణింతమే తేడా. ఈ రెండూ ఒకే వేరు నుంచి పుట్టాయా అన్న చర్చ పండితులు చేసుకోవచ్చు. వినే చెవికి మాత్రం రెండూ కలిసే వినిపిస్తాయి. మన పిల్లలు తమ ఇంటి కూర పేరు బడిలో చెప్పడానికి సిగ్గుపడటం వెనక ఇలాంటి మాటలున్నాయి.

నిజానికి ఈ రాష్ట్రంలో చేప, మాంసం తినేవాళ్లే అందరూ. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో చేసిన నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవారిలో దాదాపు 98 శాతం మాంసాహారులని తేలింది. అంటే చేపల పులుసు ఊళ్లోనూ ఉడుకుతుంది, పల్లెలోనూ ఉడుకుతుంది. ఒకే చెరువు చేప, ఒకే చింతపండు. ఊరి సట్టిలోది పల్లెకు పండగనాడు పంచినా తప్పులేదు. పల్లె సట్టిలోది ఊరు ముట్టదు. ఇక్కడ అంటు చేపకు లేదు, వండిన చేతికి ఉంది.

ఈ చేతి అంటును బడిలోనే తెంచాలని సుప్రీంకోర్టు గుర్తించింది. బడుల్లో వండిన అన్నం పెట్టాలని 2001 నవంబర్ 28న ఆదేశించింది. వంటవాళ్లు, సహాయకుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న చెప్పింది. మీ బడిలో వండేది ఎవరు, ఎవరి పిల్లలు ఆ అన్నం తినకుండా ఇంటికి పోతున్నారు అని చూడటం కార్యకర్తల పని.

విశ్వవిద్యాలయాలు దీనికి బయట లేవు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపితే దాడులు జరిగాయి. 2018లో ఐఐటీ మద్రాసు మెస్‌లో శాకాహారులకు వేరే ద్వారం, వేరే వాష్‌బేసిన్ అని కాగితాలు అంటించారు. 2023లో ఐఐటీ బొంబాయిలో శాకాహారులకు విడిగా బల్లలు కేటాయించి, నిరసన తెలిపిన విద్యార్థులకు జరిమానా వేశారు. పట్నంలో అద్దె గది అడిగితే 'నీచు తింటారా' అని వచ్చే ప్రశ్న చాలాసార్లు కులం అడగడానికి ఒక మర్యాద దారి.

మన తిండిని మనమే రాసిపెట్టుకోవాలనే ప్రయత్నాలు మరాఠీ నేల మీద ముందే మొదలయ్యాయి. మరాఠ్వాడా దళితుల వంటల మీద షాహు పటోలే మరాఠీలో రాసిన 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' 2015లో వచ్చింది, తర్వాత ఇంగ్లీషులోకీ వెళ్లింది. రాయలసీమ మాల, మాదిగ ఇళ్ల వంటలకు అలాంటి పుస్తకం కావాలి. ఈ వ్యాసం దానికి ఒక పేజీ అనుకోండి.

చెరువు నీళ్లు, చెరువు చేప: చట్టం ఏమంటుంది

నీళ్ల దగ్గర మొదలైన పోరాటాలు మనకు కొత్త కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో వేలమంది చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువు మీద హక్కు బొంబాయి హైకోర్టులో ఖరారయ్యేసరికి 1937 వచ్చింది. 1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే చెరువును మురికి చేయవద్దన్నందుకు గొడవ మొదలైంది. మరునాడు, జులై 17న, ఆధిపత్య కులస్తులు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. దళిత మహాసభ ఆ నెత్తుటి నుంచే పుట్టింది.

ఇప్పుడు చట్టంలో ఉన్నవి ఇవి. రాజ్యాంగం 15(2) అధికరణం బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు వాడుకోవడంలో కులం పేరుతో అడ్డు పెట్టకూడదంటుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (1989)కు 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఉమ్మడి వనరులను, నది, వాగు, బావి, చెరువు, కుళాయిని ఎస్సీ, ఎస్టీలు వాడుకోకుండా అడ్డుకోవడం నేరం: సెక్షన్ 3(1)(జెడ్ఏ). సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా నేరమే: 3(1)(జెడ్‌సీ). కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని 2018లో చేర్చిన 18ఎ చెబుతుంది. విధి చేయని అధికారి మీద సెక్షన్ 4 ఉంది.

ఇక్కడ ఒక తేడా తప్పకుండా తెలిసి ఉండాలి. చెరువు నీళ్లు తాగడం, పశువులను తోలడం, బట్టలు ఉతకడం ఒక హక్కు. చేప పట్టడం వేరే హక్కు. చెరువు చేపను మత్స్యశాఖ గానీ పంచాయతీ గానీ కౌలుకిస్తుంది, మత్స్యకార సహకార సంఘాలకు ప్రాధాన్యం ఉంటుంది. రిజర్వాయర్లలో లైసెన్సులుంటాయి. కౌలుదారు పిల్ల వదిలి పెంచిన చేపను పట్టుకుంటే దొంగతనం కేసు పెట్టే వీలుంది. కాబట్టి యువకులను వలలతో చెరువులోకి దింపే ముందు కాగితాలు చూడాలి. అలాగని చేప కౌలు చూపించి మన ఆడవాళ్లను నీళ్ల దగ్గరికి రానివ్వకపోతే, అది ఎస్సీ, ఎస్టీ చట్టం కిందికి వస్తుంది. కౌలు చేపకే, నీళ్లకు కాదు. మందు కలిపి, తూటాలు పేల్చి చేపలు పట్టడం 1897 నాటి ఫిషరీస్ చట్టం నుంచి నేరమే, పట్టేది ఎవరైనా సరే.

సహకార సంఘాల్లో సభ్యత్వం ఎక్కువగా బెస్త వంటి మత్స్యకార కులాలది. వాళ్లూ వెనుకబడినవాళ్లే, వృత్తి వాళ్లది. మన పేచీ వాళ్లతో కాదు. సంఘం పేరు ముందు పెట్టి వెనక పెట్టుబడి, లాభం ఎవరివో అడగాలి. ఆ ప్రశ్న బెస్తలకూ మేలు చేస్తుంది.

సమాచార హక్కు చట్టం (2005) కింద పంచాయతీకి, మత్స్యశాఖకు దరఖాస్తు పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. అడగాల్సినవి: చెరువు చేప కౌలు ఎవరి పేరున ఉంది, ఎన్నేళ్లకు, ఎంతకు, సంఘం సభ్యుల జాబితా, వేలం ప్రకటన ఎక్కడ, ఏ తేదీన అంటించారు, దళితవాడలో టముకు వేశారా, కౌలు డబ్బు పంచాయతీ దేనికి ఖర్చుపెట్టింది.

సొంతంగా పెంచాలనుకునేవాళ్లకు కేంద్రం 2020లో తెచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఎస్సీ, ఎస్టీ, మహిళలకు యూనిట్ ఖర్చులో 60 శాతం, ఇతరులకు 40 శాతం రాయితీ పెట్టారు. మిగతా 40 శాతం తెచ్చుకోవడం, చెరువు తవ్వడానికి భూమి ఉండటం అసలు అడ్డంకులు. భూమిలేని కూలికి రాయితీ కాగితం మీదే ఉంటుంది. అందుకే స్వయం సహాయక సంఘంగా కలిసి ఊరి చిన్న కుంటను కౌలుకు అడగడం, అదే ఊళ్లో చేపలు అమ్మే బండికి లేదా ఐసు పెట్టెకు దరఖాస్తు చేయడం దగ్గరి దారులు. జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ప్రస్తుతం ఏ యూనిట్లు తెరిచి ఉన్నాయో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. నోటి మాట నిలవదు.

అంబేడ్కర్ జయంతికి ఊళ్లో కూటి భోజనం పెట్టేవాళ్లకు ఒక మాట. పప్పు, సాంబారుతో సరిపెట్టకండి. పది కిలోల రాగండికి చింతపండు 600 గ్రాములు, ఎర్రగడ్డలు రెండున్నర కిలోలు చాలు. రెండు పెద్ద సట్టిల్లో విడివిడిగా వండితే ముక్క చెదరదు. పొద్దున వండి మధ్యాహ్నానికి వడ్డించండి. పిలుపు ఊరికీ పల్లెకూ ఒకటే పంపండి. ఎవరు వచ్చి పంక్తిలో కూర్చున్నారో, ఎవరు చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారో రాసి పెట్టుకోండి. మీ ఊరి గురించి ఆ జాబితా చెప్పినంత ఏ సర్వే చెప్పదు.